ఎర కనబడును, గాలము కనబడదు

'ఉద్యోగము పురుషలక్షణము' అను మాటను మీరు పెద్దల నోట వినియుందురు. కొలువు చేయుట మగవాని లక్షణమని ఈనాడు దానికి అర్థము చెప్పుకొనుచున్నారు. కాని సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక అని అర్థము. మహాభారతమున ఐదవదియైన ఉద్యోగపర్వములో ఎవరును కొలువుల కొరకు దరఖాస్తులు పెట్టలేదు. సంధికిని యుద్ధమునకును ఇరుపక్షములవారు చేసిన ప్రయత్నములే అందు వర్ణింపబడినవి. కావున ఉద్యోగము స్త్రీపురుషులందరి లక్షణము. ప్రయత్నము లేకయే ఫలము చేతికి వచ్చునని ఎవరైనను చెప్పినచో, అచటనే మన మనస్సు మేలుకొనవలెను. ఈ పాఠమంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమే యనుకొనుడు.

కామారెడ్డి జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు జిల్లానుండి వేరుపడి ఏర్పడినది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి యనునవి అందలి రెవెన్యూ డివిజన్లు. మంజీరా నదికి అడ్డముగా 1923-1931 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన నిజాంసాగరము ఈ సీమలోనే యున్నది. కాలువనీరు పారినచోట వరియు చెరకును పండును. నీరు పారని పల్లెలలో వానను నమ్ముకొని బ్రదుకువారు పెక్కురు. అట్టి ఇండ్లలో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుదురు. పురుషులు దుబాయి, మస్కటు, సౌదీ మొదలగు చోట్లకు పోయి కూలి చేయుదురు. నేను చదువుకొను దినములలో గల్ఫునుండి జాబు వచ్చినచో, చదువు రాని తల్లులు దానిని చేతబట్టుకొని బడిపిల్లవానిని వెదకుకొనుచు వచ్చెడివారు. అట్టి జాబులను నేనును పెక్కింటిని చదివి వినిపించితిని. ఆ పిల్లవాడు చదివినదే వారికి వేదము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. పాఠము చివర దీనితో పని గలదు.

నిజాంసాగరము ఒడ్డున గాలము వేయువారిని మీలో కొందరు చూచియుందురు. ముల్లుకు వానపామును గ్రుచ్చి నీటిలో విడుతురు. చేపకు వానపాము కనబడును, ముల్లు కనబడదు. దాని ఆకలి అబద్ధము కాదు, ఎరయు అబద్ధము కాదు. దారము రెండవ కొనను ఎవరు పట్టుకొనియున్నారో తెలియకపోవుటయే దాని చేటు. సెల్‌ఫోనులలో ఉద్యోగములు వెదకు మన యువకులకు నేడు ఇట్టి చేటే దాపురించినది.

2023వ సంవత్సరము వర్షాకాలమున నా పూర్వశిష్యు డొకడు ఎల్లారెడ్డికి సమీపమునందలి ఒక పల్లెనుండి నన్ను చూడవచ్చెను. అతని పేరు నేనిచట చెప్పను. పేరు చెప్పవలదని కోరినవాడతడే. కథ మాత్రము పిల్లలకు చెప్పుడని కోరినవాడును అతడే. తండ్రి మస్కటులో కూలి. తల్లి బీడీలు చుట్టును. పిల్లవాడు కామారెడ్డిలో బి.కాం. పూర్తిచేసి రెండేండ్లుగా పనికై వెదకుచుండెను.

"సారూ, ఇంట కూర్చుండి చేయు పని దొరికినది" అని అతడు తన ఫోనును నా చేతికిచ్చెను. అందొక నియామకపత్రము కనబడినది. దానిపై గుండ్రని ముద్ర, సంతకము, మూడు సింహముల బొమ్మ అన్నియు నుండెను. ఇంగ్లీషు వాక్యములు గంభీరముగా నుండెను.

"పని యేమి, బిడ్డా?" అని అడిగితిని.

"హోటళ్ళ పేర్లు పంపుదురు సారూ. ఒక్కొక్క హోటలుకు ఐదు నక్షత్రములు ఇచ్చి బాగున్నదని వ్రాయవలెను. నిన్న నూట యేబది రూపాయలు నా ఖాతాలో పడినవి."

"ఆ హోటళ్ళలో నీవెప్పుడైన భోజనము చేసితివా?"

"చేయనక్కరలేదట సారూ."

నేను నవ్వితిని. నవ్వి, మంచిది పొమ్మని దీవించి పంపితిని. ముప్పది యేండ్లకు పైగా పిల్లల నోటుపుస్తకములలో తప్పులను ఎఱ్ఱసిరాతో గుర్తించినవాడను. ఆనాడు నా కన్నుల యెదుట నిలిచిన తప్పును గుర్తింపలేకపోతిని. తినని భోజనమును మెచ్చుకొనుట అబద్ధము. అబద్ధమాడుటకు కూలి యిచ్చువాడు, కూలి విషయమున మాత్రము నిజము పలుకునా? ఈ ప్రశ్న ఆనాడు నాకు తోచియుండినచో ఒక తల్లి మెడలోని బంగారము మెడలోనే యుండెడిది.

పది దినములు గడచినవి. ఒక ఉదయమున ఆ పిల్లవాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. నలువదివేల రూపాయలు అప్పు కావలయునట. ఎందులకని అడుగగా కొంచెము కొంచెముగా కథయంతయు బయటపడినది.

మొదట నక్షత్రములకు కూలి యిచ్చినవారు, తరువాత "వేయి రూపాయలు కట్టి పెద్ద పని తీసికొనుము" అనిరి. కట్టెను, 1,300 రూపాయలు వచ్చినవి. మరునాడు 5,000 కట్టగా 6,500 వచ్చినవి. అతనిని ఒక టెలిగ్రామ్ బృందమున చేర్చిరి. అందు పలువురు తమకు వచ్చిన లాభముల చిత్రములను దినదినము పెట్టుచుండిరి. జాతరలలో మూడుముక్కలాట ఆడించువాని చుట్టును చేరి, "నేను గెలిచితిని, నేను గెలిచితిని" అని కేకలు వేయువారు ఆటవాని మనుష్యులే యని మీ తాతలనడిగిన చెప్పుదురు. ఈ బృందమునందలివారును అట్టివారే. ఆ పిల్లవానికి అది తెలియదు. తరువాత 20,000 కట్టుమనిరి. కట్టిన పిమ్మట, "ఈ పనికి మూడు భాగములున్నవి, నడుమ మానినచో కట్టినది కూడ పోవును" అనిరి. మొదటి సొమ్మును విడిపించుకొనుటకై, ఇల్లు బాగుచేయుటకు తండ్రి పంపిన 48,000 కట్టెను. దానిని విడిపించుకొనుటకై తల్లి గొలుసు కుదువబెట్టి 90,000 కట్టెను. ఇట్లు 1,58,000 రూపాయలు పోయినవి. ఫోనులో మాత్రము అతని పేర 2,37,000 రూపాయలు నిలువయున్నట్లు అంకెలు మెరయుచుండెను. ఆ సొమ్ము తీసికొనుటకు ముందుగా 40,000 రూపాయలు పన్ను కట్టవలెనట!

దున్నపోతు ఈనినదనిన దూడను కట్టివేయుమన్నట్లు, నేనును బీరువా తాళపుచెవికై లేచితిని. లేచినవాడను గుమ్మమువద్ద నిలిచితిని. ఒక సందేహము కలిగినది.

"బిడ్డా, వారు నీకు రెండు లక్షల ముప్పదియేడు వేలు ఈయవలసియున్నారు గదా. ఆ నలువదివేలు అందులోనే పట్టుకొని, తక్కినది నీకేల పంపరు?"

పిల్లవాడు మాటాడలేదు. తల్లి చదువుకొనినది కాదు. కాని ఆమెయే ముందుగా గ్రహించెను. "చెడిపోయిన బీడీలకు తరుగు తీసినను నా కూలిలోనే పట్టుకొందురు గదా సారూ! ఎదురు పైకము తెమ్మని నన్నెవరును ఎన్నడును అడుగలేదు" అని ఆమె అరుగుమీద కూలబడెను. అంతకుమించిన అర్థశాస్త్రపాఠమును నేను వినియుండలేదు.

వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయించితిని. సైబరు నేరములలో సొమ్ము పోగొట్టుకొనినవారి కొరకు కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న సహాయసంఖ్య అది. 2021లో ఈ యేర్పాటు 155260 అను సంఖ్యతో ఆరంభమైనది. తరువాత సంఖ్య 1930గా మార్చబడినది. మనము ఏ ఖాతానుండి ఏ ఖాతాకు, ఎప్పుడు, ఎంత పంపితిమో చెప్పగనే, ఆ వివరములు సంబంధించిన బ్యాంకులకు చేరును. సొమ్ము ఇంకను ఏదేని ఖాతాలో నిలిచియున్నచో బ్యాంకు దానిని కదలనీయదు. కాని దొంగలును ఊరకుండరు. సొమ్ము చేరినంతనే దానిని ముక్కలుచేసి ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు తరలింతురు. అందుచే మొదటి గంటలే విలువైనవి. మా పిల్లవాడు తుదిసారి 90,000 పంపినది ముందటి సాయంకాలమే. అందు 22,000 రూపాయలు ఒక ఖాతాలో ఆగినవి. మరుసటి యేడు లోక్ అదాలతు ఉత్తరువుతో అవి తిరిగి వచ్చినవి. తక్కిన 1,36,000 రాలేదు.

కథ అంతటితో ముగియలేదు. మూడవ దినమున ఆ మోసగాండ్రే అతనికి మరియొక సందేశము పంపిరి. "నీ బ్యాంకు ఖాతాను కొన్ని దినములు మాకిమ్ము. అందులో పడిన ప్రతి లక్షకు రెండువేలు నీవి. నీ నష్టము తీరిపోవును" అని. పిల్లవాడు దానిని నాకు చూపెను. అతని కన్నులలో ఆశ కనబడినది. "నా సొమ్ము నాకు వచ్చిన చాలును సారూ, తరువాత మానివేయుదును" అనెను.

"మీ అమ్మ గొలుసు సొమ్ము ఏ ఖాతాగుండ పోయినదో నీకు తెలియునా? అదియు నీవంటి పిల్లవాని ఖాతాయే కావచ్చును. అతడును తన సొమ్ము వచ్చిన చాలుననుకొని యుండును" అంటిని.

అతడు చాలసేపు తలవంచుకొని కూర్చుండెను. పిమ్మట ఆ సందేశమును చెరిపివేయక, సాక్ష్యముగా పోలీసులకు చూపెను. ఖాతాను మాత్రమీయలేదు. ఇతరుల దొంగసొమ్ము ప్రవహించుటకు ఖాతా నద్దెకిచ్చుట నేరము. తెలియక చేసితిననినను ఖాతా స్తంభించును, పోలీసుల విచారణయు తప్పదు. ఆ పిల్లవాడిప్పుడు కామారెడ్డిలో ఒక బియ్యపుమిల్లులో లెక్కలు వ్రాయుచున్నాడు. జీతము పెద్దది కాదు. గొలుసు విడిపించుటకు అతనికి రెండేండ్లు పట్టినది.

ఇట్టి మోసము ఒక్క పల్లెలో జరిగినది కాదు. ఇట్టి పనుల పేరిట మోసము చేయుచున్న నూరుకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము నిలిపివేసినది. పదవీవిరమణ చేసినవారిని, స్త్రీలను, నిరుద్యోగులైన యువకులను ఈ ముఠాలు లక్ష్యముగా పెట్టుకొనుచున్నవని ప్రభుత్వము ఆనాడు ప్రకటించెను. విదేశములలో నున్నవారు వీనిని నడుపుచున్నట్లును తెలిపెను. ఉపాయము క్రొత్తది కాదు, ఉపకరణమే క్రొత్తది. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో 'స్పెయిను ఖైదీ' యను మోసముండెడిది. స్పెయినులో ధనవంతు డొకడు చెరలో నున్నాడనియు, అతనిని విడిపించుటకు కొంత పైకము పంపినచో నిధిలో భాగమిచ్చుననియు జాబులు వచ్చెడివి. పైకము పంపిన పిమ్మట మరికొంత, ఆ పిమ్మట మరికొంత కావలసి వచ్చెడిది. ఖైదీయు లేడు, నిధియు లేదు. నాడు తపాలాలో వచ్చిన ఎర నేడు ఫోనులో వచ్చుచున్నది.

ప్రభుత్వోద్యోగమను పేరు చెప్పినచో మన జనులు మరింత సులభముగా నమ్ముదురు. తమిళనాటి యువకులు 28 మంది రైల్వే ఉద్యోగములకని మధ్యవర్తులకు 2 కోట్ల 67 లక్షల రూపాయలు సమర్పించుకొనిరి. వారిని 2022లో ఢిల్లీకి పిలిపించి, న్యూఢిల్లీ స్టేషనులో నిలువబెట్టి, వచ్చిపోవు రైళ్ళను దినమునకు ఎనిమిది గంటలు లెక్కించుడనిరి. అదియే శిక్షణమట! ఇంచుమించు ఒక నెల వారు రైళ్ళను లెక్కించిరి. తుదకు తమ నియామకపత్రములు దొంగవని తెలిసికొనిరి. ఈ కథ విని నవ్వకుడు. వారు సోమరులు కారు. ఎండలో నిలిచి చెప్పిన పని చేసినవారు. వారి శ్రద్ధనే మోసగాండ్రు ఎరగా మార్చిరి. రైల్వేలో నియామకములు రైల్వే నియామక మండలుల బహిరంగ ప్రకటనలచేతను, పరీక్షలచేతను జరుగును. మధ్యవర్తికి సొమ్మిచ్చుటచేత జరుగవు.

సొమ్ము పోవుటకంటె ఘోరమైన చేటు మరియొకటి గలదు. 'డేటా ఎంట్రీ పని, మంచి జీతము, విమానపు టికెట్టు మేమే యిత్తుము' అను ప్రకటనలను నమ్మి పోయిన యువకులు కొందరు కాంబోడియా, మయన్మారు, లావోసు దేశములలో ఎత్తైన గోడల నడుమ చిక్కుకొనిరి. అచట వారి పాసుపోర్టులు లాగికొని, ఫోనుల ద్వారా ఇతరులను మోసగించు పనిలో బలవంతముగా నియోగించిరి. ఒప్పుకొననివారిని కొట్టిరి. మయన్మారులో కనీసము 1,20,000 మందియు, కాంబోడియాలో సుమారు 1,00,000 మందియు ఇట్లు నిర్బంధింపబడి యుండవచ్చునని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము తెలిపినది. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు, సింగపూరులో ఉద్యోగమని చెప్పి తెలుగు యువకులను కాంబోడియాకు తరలించిన ఏజెంట్లను పట్టుకొనిరి. మన తెలంగాణపు బిడ్డలును ఆ ఉచ్చున పడిరి. 2025 మార్చి నెలలో భారత వైమానికదళపు విమానము, థాయిలాండులోని మేసాట్ నుండి, మయన్మారులో చిక్కుకొనిన 283 మంది భారతీయులను ఒక దినమున స్వదేశమునకు చేర్చినది. మరునాడు మరి 266 మంది వచ్చిరి. ఎరకు చిక్కిన చేపను ముల్లుకు గ్రుచ్చి మరియొక చేపకు ఎరగా వేయుటయనగా ఇదియే.

విదేశములకు పోయి పనిచేయుట తప్పు కాదు. మన సీమలో అది అనేక కుటుంబములను నిలిపినది. కాని దానికొక రాజమార్గమున్నది. 1983వ సంవత్సరపు వలసల చట్టము ప్రకారము, విదేశములకు పనివారిని పంపు ఏజెంటు కేంద్ర ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొని లైసెన్సు పొందవలెను. లైసెన్సు గలవారి పేర్లను ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. ఏజెంటు తీసికొనదగిన సేవారుసుమునకు 30,000 రూపాయలు హద్దు. పదునెనిమిది శాతము పన్నుతో కలిపి 35,400. దానికి రసీదు ఈయవలెను. హైదరాబాదులో వలసల సంరక్షకాధికారి కార్యాలయమున్నది. టామ్‌కామ్ అను తెలంగాణ ప్రభుత్వసంస్థయు విదేశోద్యోగములకు పనివారిని పంపుచున్నది. సందర్శకుల వీసాపై పోయి పనిచేయవచ్చునని చెప్పువానిని నమ్మరాదు. అట్టి వీసాతో పోయినవాడు అచటి చట్టము దృష్టిలో నేరస్థుడగును. కూలి యీయకున్నను ఫిర్యాదు చేయుటకు జంకును. మోసగానికి కావలసినదియు అదియే.

బాలబాలికలారా! మంచి ఉద్యోగ ప్రకటననుండి దొంగ ప్రకటనను వేరుచేయుటకు ఐదు ప్రశ్నలు చాలును. వానిని కంఠస్థము చేయుడు.

మొదటిది: పని యేమి? చేయవలసిన పనిని ఒక్క వాక్యమున తల్లికి చెప్పగలుగవలెను. ఆ పనివలన ఎవరికి ఏమి ప్రయోజనమో తెలియవలెను. తినని భోజనమును మెచ్చుకొనుట, చూడని చిత్రమును ఇష్టపడితిననుట పని కాదు.

రెండవది: సొమ్ము ఏ దిక్కునకు పారుచున్నది? నిజాంసాగరపు నీరు జలాశయమునుండి పొలమునకు పారును గాని పొలమునుండి జలాశయమునకు పారదు. అట్లే సొమ్ము పని యిచ్చువానినుండి పనిచేయువానికి పారవలెను. నమోదు, శిక్షణ, లాప్‌టాపు, పన్ను అని ఏ పేరుతోనైనను అది వెనుకకు పారినచో అచట ఆగవలెను. ప్రభుత్వ పరీక్షలకు దరఖాస్తు రుసుము ఉండవచ్చును. కాని అది ప్రకటనలో అచ్చువేయబడి, ప్రభుత్వ వెబ్‌సైటులోనే చెల్లింపబడును. ఒక వ్యక్తి ఖాతాకు పోదు.

మూడవది: చిరునామా ఎచట? సందేశములో వచ్చిన సంఖ్యకే ఫోను చేసి నిజమా యని అడుగుట, దొంగనే సాక్ష్యమడుగుట వంటిది. సంస్థయొక్క సంఖ్యను మనమే వేరుగా వెదకి, దానికి ఫోను చేసి అడుగవలెను. ముద్రలను, సింహముల బొమ్మలను ఎవడైనను అచ్చు వేసికొనగలడు.

నాలుగవది: ఇంత తొందర ఎందుకు? 'పది నిమిషములలో కట్టుము, లేనిచో అవకాశము పోవును' అనువాడు మనలను ఆలోచింపనీయరాదని కోరుచున్నాడు. ఒక రాత్రి ఆగినచో పోవు ఉద్యోగము ఉద్యోగము కాదు.

ఐదవది: ఇంత గోప్యము ఎందుకు? 'ఎవరితోను చెప్పకుము' అను మాట వినబడినచో వెంటనే ఇద్దరితో చెప్పవలెను.

మరియొక సంగతి. ఓ.టి.పి.యు, యు.పి.ఐ. పిన్నును ఇంటి తాళపుచెవుల వంటివి, ఎవరికిని ఈయరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు, పంపుటకే కావలెను. 'నీకు డబ్బు వచ్చును, పిన్ను నొక్కుము' అని ఎవరైన అన్నచో అది శుద్ధ అబద్ధము.

నిజమైన ఉద్యోగములు వెదకుటకు చోటులు లేకపోలేదు. ఉపాధి కల్పన కార్యాలయములున్నవి. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ అను వెబ్‌సైటులో ఉచితముగా పేరు నమోదు చేసికొనవచ్చును. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషను ప్రకటనలు దాని సొంత వెబ్‌సైటులో వెలువడును. ఈ దారులు మెల్లనివి. అచట పోటీ యున్నది, నిరీక్షణ యున్నది. అదియే ఉద్యోగము, అనగా ప్రయత్నము.

ఇంత చెప్పినను ఎప్పుడో ఒకనాడు మీ ఇంటిలోనో ఇరుగుపొరుగులోనో ఎవరైన మోసపోవచ్చును. అప్పుడు నిందింపకుడు. మోసపోయినవాడు సిగ్గుపడి దాచును; ఆ దాచిన గంటలే దొంగకు లాభము. చదువు చెప్పినవాడనే నేను మోసమునకు ఆశీర్వచనము పలికితిని. ఇక చదువు చాలనివారిని తప్పుపట్టు టెట్లు? వెంటనే 1930కి ఫోను చేయించుడు, బ్యాంకునకు తెలుపుడు, పోలీసు ఠాణాకు పోవుడు. జాతీయ సైబరు నేరముల ఫిర్యాదు వెబ్‌సైటులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. సందేశములను, చెల్లింపుల వివరములను చెరిపివేయకుడు. 'పోయిన సొమ్మును రప్పింతుము, కొంత రుసుము కట్టుడు' అనుచు పిమ్మట వచ్చువారును దొంగలే. పుండుమీద వాలు ఈగలవంటివారు.

ఇప్పుడు మొదట చెప్పిన జాబుల సంగతికి వత్తము. మీ ఇండ్లలో పెక్కింట, ఇంగ్లీషు అక్షరములు చదువగలవారు మీరే. ఫోనునకు సందేశము రాగానే తల్లి, "ఇదేమో చదివి చెప్పు, బిడ్డా" అని మీ చేతికే యిచ్చును. నాడు గల్ఫు జాబును చదివిన పిల్లవాని స్థానములో నేడు మీరున్నారు. మీరు చదివినదే ఆమెకు వేదము. ఆమె వ్రేలు పచ్చబొత్తాముమీద మోపుటకు ముందు, మీరు ఒక్క నిమిషమాగి ఆ ఐదు ప్రశ్నలను పైకి చదువుడు. నేను గుమ్మమువద్ద ఆగితిని గాని పది దినములు ఆలస్యముగా ఆగితిని. మీరు సమయమునకు ఆగుడు.

ప్రశ్నలు

1. ఉద్యోగ శబ్దమునకు రచయిత చెప్పిన అర్థమేమి? పాఠమునకు ఆ యర్థముతో గల సంబంధమును వివరింపుము.
2. శిష్యుడు మొదటిసారి వచ్చినప్పుడు రచయిత చేసిన పొరపాటు ఏది?
3. బీడీలు చుట్టు తల్లి మోసమును ఎట్లు గ్రహించెను?
4. ఖాతాను అద్దెకీయుట తప్పని శిష్యునికి ఏ మాట తెలియజెప్పినది?
5. ఐదు ప్రశ్నలను వ్రాసి, మీ ఇంటిలోని పెద్దలకు చదివి వినిపింపుము. వారు చెప్పిన అనుభవమును పది వాక్యములలో వ్రాయుము.